ఆగిన చోటు

మూడో బడి, ఏడో గది. డిస్ట్రిక్టు పాఠ్యప్రణాళికాధికారి వెర్న్ హాస్కెల్ తలుపు చప్పుడు కాకుండా తోసి, చేతిగడియారం చూసుకున్నాడు. గదికి మూడు నిమిషాలు. బోర్డు మీద పిల్లలు ఏం నేర్చుకోవాలో రాష్ట్రం నిర్ణయించిన ప్రమాణం, దాని కింద పిల్లలు చెప్పవలసిన వాక్యం, రెండూ ఉన్నాయి. నెబ్రాస్కాలోని ఆ చిన్న స్కూలు డిస్ట్రిక్టులో నాలుగు బళ్ళూ ఆరేళ్ళుగా అలా రాస్తున్నాయంటే అది అతను పట్టుబట్టి చేయించిన పనే. కోటు మోచేతుల దగ్గర పలచబడింది. ప్యాడు పట్టుకునే బొటనవేలు కాయకాచింది.

కిటికీ పక్కనున్న పిల్ల దగ్గర వంగాడు.

"ఈ రోజు ఏం నేర్చుకుంటున్నావమ్మా?"

"పాఠంలోని ఆధారాలు..." పిల్ల ఆగి, సన్నగా గాలి పీల్చుకుంది. "...చూపించి నా అభిప్రాయాన్ని సమర్థించుకోగలను."

టిక్కు పెట్టబోయిన పెన్సిలు ఆగింది. పొద్దున మొదటి బడిలో ఒక పిల్లవాడు అక్కడే ఆగాడు. రెండో బడిలో కవలలిద్దరూ అక్కడే. ఆగవలసిన చోటు కాదది.

పక్క బల్ల కుర్రాణ్ణి అడిగాడు. అదే మాట దగ్గర, అదే సన్నటి ఊపిరి.

"అంటే ఏమిటి బాబూ?"

వాడు అతని మొహంలోకి చూసి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

నడవాలో టీచరు లోర్నా నవ్వింది. "ఆగస్టు ట్రైనింగులో మీరు ఈ వాక్యం చదివిన టేపుందిగా, అన్ని బళ్ళకీ పంచారు. రోజూ అదే వినిపిస్తాం. ఆ రోజు మెట్లెక్కొచ్చి ఆయాసపడుతూ చదివారు, గుర్తుందా? పిల్లలు అదీ వదల్లేదు సార్."

అతను ప్యాడు చంకలో పెట్టుకుని ఆఫీసుకు బయలుదేరాడు.

ఆఫీసులో బల్ల మీద రాష్ట్రం పంపిన ప్రశ్నావళి ఉంది. మీ పిల్లలకు ప్రమాణాలు ఎంతవరకు అర్థమయ్యాయి? ఒకటంటే అసలు లేదు, ఐదంటే పూర్తిగా. పొద్దున్నే పెన్సిలుతో ఐదు చుట్టూ సున్నా చుట్టి వెళ్ళాడు.

సూపరింటెండెంట్ డోరీన్ తొంగిచూసింది. "ఇంకా నీ దగ్గరే ఉందా? నాలుగింటికి పోస్టు."

"చూస్తున్నా డోరీన్."

"ఆరేళ్ళు చూశావు, చాల్లే. ఐదుకి ఒకటి తగ్గినా, ఇన్నాళ్ళూ ఏం చేశావని నిన్నే అడుగుతారు."

ఆమె వెళ్ళాక అతను రబ్బరు తీసుకున్నాడు.

నాలుగింటికి డోరీన్ వచ్చేసరికి అతను పెన్సిలు పట్టుకునే కూర్చున్నాడు, తల కొంచెం వంచి. ఊపిరి తీసుకోవడానికి ఆగాడనుకుని ఆమె కాసేపు గుమ్మంలోనే నిలబడింది.

అతని అంత్యక్రియలయ్యాక, సోమవారం ఆమె స్వయంగా బళ్ళకు వెళ్ళింది. నాలుగో తరగతి పిల్లలు లేచి నిలబడి ఒక్క గొంతుతో మొదలుపెట్టారు. "ఆధారాలు" దగ్గర గదంతా ఆగి, సన్నగా గాలి పీల్చుకుంది.

అతని దగ్గర నుంచి తీసుకెళ్ళిన ప్రశ్నావళి పోస్టు కాకుండా ఇంకా ఆమె బల్ల మీదే ఉంది. ఐదు దగ్గర చెరిపి చెరిపి కాగితం అరిగింది. ఒకటి చుట్టూ పెన్సిలు గీత, సగం దాకా.