బొట్టు తీసిన సుబ్బరావమ్మ

సుబ్బరావమ్మ నుదుట బొట్టు లేదన్న కబురు మల్లేశ్వరికి మిరప కల్లంలో ఉండగా అందింది. చెప్పింది పక్క చేను రసూల్‌బీ. "చేతికి గాజుల్లేవు, మెళ్ళో గొలుసు లేదు. నా కళ్ళతో చూశానక్కా" అంది.

మల్లేశ్వరి మనసు ఒక్కచోటికే పోయింది. సుబ్బరావమ్మ మొగుడు చెంచురామయ్య పోయాడు! చేతిలో గంప అక్కడే వదిలేసి, గట్లకు అడ్డంపడి పరిగెత్తింది. స్నేహితురాలి ఇంటి ముందుకు ఏడుస్తూనే చేరింది. తీరా చూస్తే చెంచురామయ్య అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"నేను బతికే ఉన్నానమ్మాయ్" అన్నాడు ఆమె మొహం చూడగానే. "పొద్దుట్నుంచీ పరిగెత్తుకొచ్చినవాళ్ళలో నువ్వు నాలుగోదానివి."

"మరి సుబ్బులు...?"

"లోపలుంది. అడుగు. నాకైతే అర్థం కాలేదు."

మల్లేశ్వరీ సుబ్బరావమ్మా ఒకే ఊళ్ళో పుట్టి, ఒకే బళ్ళో చదువుకుని, ఆర్నెల్ల తేడాతో మార్టూరు దగ్గర ఈ ఊరికే కోడళ్ళుగా వచ్చారు. వచ్చి ముప్పై ఏళ్ళు. ఇద్దరిలో భక్తి సుబ్బరావమ్మదే. వ్రతం ఎప్పుడు చేసుకోవాలో, నైవేద్యానికి ఏం వండాలో ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆమెనే అడిగేవాళ్ళు. అలాంటి మనిషి ఖాళీ నుదురుతో, అప్పుడే కడిగినట్టున్న మొహంతో వంటింట్లోంచి వచ్చి, "కూర్చో మల్లీ. నిన్న సాగర్ కాలవలో బాప్తిస్మం తీసుకున్నాను" అని చెప్పింది. కొత్త గేదెను కొన్నామని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఎందుకే?"

"రక్షణ పొందాను."

"దేన్నుంచి?"

సుబ్బరావమ్మ నవ్వి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. మల్లేశ్వరికి ఆ రోజు అన్నం సయించలేదు. కోపం వల్ల కాదు. తనకు తెలియని తలుపొకటి ఆ ఇంట్లో ఉందనీ, ఇన్నేళ్ళు తిరిగినా తన కంటపడలేదనీ ఆశ్చర్యం. ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. ఎవరో మందు పెట్టారన్నారు. వయసు మీదపడి మతి చలించిందన్నారు. మల్లేశ్వరి వేటినీ నమ్మలేదు. సుబ్బులికి మతి చలిస్తే ముందు తనకే తెలియాలి కదా అనుకుంది.

ఆ తర్వాత రోజుల్లో ఇద్దరూ కల్లంలో ఎదురెదురుగా కూర్చుని ఎండుమిర్చిలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరారు. మల్లేశ్వరి మొహానికి తువ్వాలు కట్టుకుని, దగ్గుకూ దగ్గుకూ మధ్య ఒక్కో ప్రశ్న వేసేది. సుబ్బరావమ్మ జవాబులు చెప్పేది గాని, అవి వేరేవాళ్ళ నోట విన్నట్టుండేవి. పాపం, రక్తం, నిత్యజీవం.

"ఆ మాటలు నీవి కావే" అంది మల్లేశ్వరి ఒకరోజు విసుగొచ్చి. "పాస్టరు గారివి. నీ మాట చెప్పు. సరే, ఇది చెప్పు. మీ లెక్కన నేను చస్తే నరకానికేనా?"

సుబ్బరావమ్మ చేతులు కాయల మీదే ఆగిపోయాయి.

"నువ్వు పోకూడదనే రోజూ తెల్లారుజామున లేచి ప్రార్థన చేస్తున్నా మల్లీ."

మల్లేశ్వరికి ఒళ్ళు మండింది. పళ్ళెం పక్కన పెట్టి లేచి వచ్చేసింది. నాలుగు రోజులు పలకలేదు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు సుబ్బులు కళ్ళలో నీళ్ళు తిరగడం ఆమె చూసింది. ఘాటుకు వచ్చిన నీళ్ళు కావవి. తన కోసం ఒక మనిషి రోజూ నిద్ర లేస్తోందంటే తిట్టాలో దణ్ణం పెట్టాలో తేలలేదు. చివరికి సుబ్బులు వెళ్ళే ప్రార్థన దగ్గర ఏముందో తన కళ్ళతో చూస్తే తప్ప ఈ గోల తెగదనుకుంది.

ఆదివారం పొద్దున చీర మార్చుకుంటుంటే మొగుడు శివనాగరాజు చూసి, "అది ఊరవతల పల్లెలో ఉంది. మన చేలోకి కూలికొచ్చేవాళ్ళ పక్కన చాప మీద కూర్చుంటావా?" అన్నాడు.

"నువ్వు అడుగుతోంది దేవుడి గురించా, చాప గురించా?" అంది మల్లేశ్వరి.

అది రేకుల షెడ్డు. ముందు వరసలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మిగతా అంతా చాపలు. డోలకు, కీబోర్డు. గుమ్మంలోనే సువార్తమ్మ ఎదురొచ్చింది. మల్లేశ్వరి చేలో కాయ కోసే ఆడవాళ్ళకు పెద్ద ఆమే. చేలో మల్లేశ్వరి మంచం మీద కూర్చుంటే సువార్తమ్మ గట్టు మీద కూర్చుంటుంది. ఇక్కడ ఆమె ఇంటి మనిషి, మల్లేశ్వరి చుట్టం. "వందనాలమ్మా, రండి" అని కుర్చీ చూపించింది. మల్లేశ్వరి కుర్చీ వంకా, చాప మీదున్న సుబ్బులి వంకా చూసి, వెళ్ళి సుబ్బులి పక్కన కూర్చుంది.

పాటలు మొదలయ్యాయి. పెళ్ళిళ్ళలో ఎంత బతిమాలినా గొంతు విప్పని సుబ్బరావమ్మ, తాళం తప్పుతున్నా చప్పట్లు కొడుతూ గట్టిగా పాడింది. మల్లేశ్వరి పాట వినడం మానేసి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత సాక్ష్యాలన్నారు. ఒక్కొక్కరే లేచి తమకు జరిగింది చెప్పారు. సుబ్బరావమ్మ కూడా లేచింది.

"నాలుగేళ్ళ కిందట శివరాత్రికి నేను కోటప్పకొండ వెళ్ళాను. పొద్దున బయల్దేరుతుంటే మా అత్త, కళ్ళు తిరుగుతున్నాయే, ఇవాళ వెళ్ళొద్దే అంది. నన్ను ఆపడానికి వంక పెడుతోందనుకున్నాను. వెళ్ళాను. వచ్చేసరికి పెరట్లో పడి ప్రాణం వదిలింది."

మల్లేశ్వరి చప్పున తలెత్తి చూసింది. ఆ రోజు కొండకు వెళ్ళింది తామిద్దరే. ముసలామె పోయిందని తెలుసు గాని, వద్దన్నదని తెలియదు.

"ఆ రాత్రి నుంచి నాకు కునుకు లేదు. కళ్ళు మూస్తే ఆ మాటే. ఎన్ని గుళ్ళు తిరిగానో, ఎన్ని ఉపవాసాలు చేశానో. మొన్న ఒక ఆదివారం కాయ కోతకు సువార్తమ్మను పిలుద్దామని ఇక్కడికొచ్చాను. ప్రార్థన అయ్యేదాకా ఆగమంటే ఈ మూలన కూర్చున్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది, ఆమెకంతా చెప్పేశాను. చెప్పి ఇక్కడే పడి నిద్రపోయాను. లేచేసరికి పొద్దుగూకింది. నా మీద ఎవరో దుప్పటి కప్పారు."

ప్రార్థన అయ్యాక ఇద్దరూ ఇళ్ళకు బయల్దేరారు. పత్తి చేను మలుపు దగ్గర మల్లేశ్వరి ఆగిపోయింది.

"నాకు చెప్పొచ్చుగా సుబ్బులూ. ఆ రోజు పక్కనే ఉన్నానుగా."

"నీకు చెబితే, నీ తప్పేం లేదులే అంటావు."

"అంటాను. లేదు కాబట్టే."

"ఉంది మల్లీ. ఉందని ఒప్పుకుని, అయినా సరే పోనీలే అనేవాళ్ళు కావాల్సొచ్చింది నాకు. నువ్వు ప్రేమకొద్దీ నా తప్పును తప్పే కాదనేదానివి. నేను దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకుపోయేదాన్ని."

నిజమే. మల్లేశ్వరి అలాగే అనేది. అంతకంటే మంచిమాట ఉంటుందని కూడా ఇప్పటిదాకా తెలియదు. "మరి బొట్టు ఏం చేసిందే పాపం?" అంది.

"అది పాస్టరు గారు తీసేయమన్నారు" అంది సుబ్బరావమ్మ. "అద్దంలో చూసుకుంటే నాకూ కొత్తగానే ఉంది." ఇద్దరూ నవ్వారు. పాస్టరు గారి మాటను, తన మాటను సుబ్బులు విడదీసి చెప్పడం అదే మొదలు.

ఇంటి దగ్గర చెంచురామయ్య మల్లేశ్వరిని పక్కకు పిలిచి, "ఏమన్నా తెలిసిందా అమ్మాయ్?" అని గుసగుసగా అడిగాడు.

"తెలిసింది. నేను చెప్పకూడదు. మీ అమ్మ సంగతి అన్నయ్యా. సుబ్బులే చెబుతుంది, కూర్చుని విను" అని, సుబ్బరావమ్మ వంక చూసి తల ఊపి వచ్చేసింది.

ఏం జరిగిందో మర్నాడు కల్లంలో సుబ్బరావమ్మే చెప్పింది. అంతా విని చెంచురామయ్య, "కళ్ళు తిరుగుతున్నాయని ఆ రోజు పొద్దున నాకు కూడా చెప్పింది. మజ్జిగ తాగి పడుకో అని చేలోకి వెళ్ళిపోయాను" అన్నాడట. నాలుగేళ్ళుగా అతనూ ఎవరికీ చెప్పలేదు. ఒకే మంచం మీద చెరో వైపు తిరిగి పడుకుని, ఇద్దరూ ఆ ముసలామె మాటే వింటూ ఉన్నారన్నమాట.

"నువ్వేమన్నావు?" మల్లేశ్వరి ఆత్రంగా అడిగింది.

"తప్పేనయ్యా, నాదీ తప్పే అన్నాను. ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూడటం ఇదే మొదటిసారి."

చెంచురామయ్య దేవుణ్ణి మార్చుకోలేదు. కాకపోతే ఆదివారాలు సుబ్బరావమ్మను బండి మీద పల్లె మలుపు దాకా దింపి, ప్రార్థన అయ్యేదాకా టీ కొట్టు దగ్గర కూర్చుంటున్నాడు. మల్లేశ్వరి మళ్ళీ ఆ షెడ్డుకు వెళ్ళలేదు. శుక్రవారం పూజ మానలేదు. ఆమె పెట్టే ప్రసాదం సుబ్బులు తీసుకోదు. మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు సుబ్బులు కోసం దేవుడి దగ్గర పెట్టకముందే గిన్నెలో కొంచెం తీసి పక్కన ఉంచుతోంది.

కల్లంలో మాత్రం ఆమె ప్రశ్నలు తగ్గలేదు. నీళ్ళలో ముంచినప్పుడు ఊపిరాడిందా, పాస్టరు గారు కూడా సాక్ష్యం చెబుతారా, అబద్ధం చెబితే ఎవరికైనా తెలుస్తుందా అని ఒకటే అడుగుతుంది. సుబ్బరావమ్మ తెలిసినవి చెబుతుంది, తెలియనివి తెలియదంటుంది. ఒక్క ప్రశ్న మాత్రం మల్లేశ్వరి పైకి అడగలేదు. ఆ చాప మీదనుంచి తనే లేచి నిలబడాల్సివస్తే, తన నోట్లోంచి ముందు ఏ మాట వస్తుందా అని కాయలు ఏరుతూ ఏరుతూ ఆలోచిస్తోంది.