గోడరంగు బండి

వైరింగ్ మేస్త్రి పొద్దున లేవగానే మొదట చేసే పని గేటు తాళం లాగి చూడటం. రాత్రి తాను వేసిన తాళమే, తాళంచెవి తన మొలకే ఉంటుంది. అయినా లాగి చూస్తాడు. ఆ తర్వాత పాలప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి ఎక్కడైనా సూది బెజ్జం ఉందేమో వెతుకుతాడు. టీ గ్లాసు చేతికొస్తే ముందు వాసన చూసి, తర్వాత భార్య మొహం చూసి, రెండింటిలోనూ తేడా ఏమీ లేదనుకుంటే అప్పుడు తాగుతాడు. వీధిలోవాళ్ళు ఎదురుగా మేస్త్రిగారూ అంటారు గానీ చాటుగా ఆయన పేరు టెస్టుల్యాంపు. బల్బుకు రెండు తీగలు కట్టి, కరెంటు ఎంతవరకూ వస్తోందో చూసుకునే సామాను అది. ఆయన చొక్కా జేబులోంచి ఎప్పుడూ తొంగి చూస్తూ ఉంటుంది.

ముందువైపు బండ్లు బాగుచేసే షెడ్డు, వెనక ఇల్లు, చుట్టూ పసుపు సున్నం కొట్టిన ఎత్తైన ప్రహరీ గోడ, అన్నిటికీ కలిపి ఒక్కటే గేటు. మేస్త్రి బయటికి వెళితే గేటుకు బయట తాళం పడేది, లోపల ఉంటే లోపల తాళం పడేది. ఏ తాళమైనా భార్య లోపలే.

ఆమెకు ఒక అక్క ఉంది, దూరంగా ఇంకో ఊళ్ళో. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఈమధ్య కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా వచ్చి తోడుండమని ఫోన్ చేసింది. ఫోన్ కూడా మేస్త్రి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ మాట ముందు ఆయనే విన్నాడు.

"కంటి ఆపరేషనా? గొంతు బాగానే ఉందిగా?" అన్నాడు.

"ఆపరేషన్ కంటికండీ," అంది భార్య.

"అదే నేననేది. ఏదో వంక పెట్టి నిన్ను రప్పించుకోవాలని చూస్తోంది. ఎందుకో కనుక్కోవాలి."

కనుక్కోవడం ఎప్పటికీ అవదని ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తల్లో ఏడ్చేది. తర్వాత తర్వాత ఏడిస్తే ఎందుకేడ్చావని అడుగుతాడని అది కూడా మానేసింది. ఈసారి మాత్రం అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, కళ్ళకు గంతలతో గోడలు తడుముకుంటూ వంటింట్లోకి వెళుతున్న అక్కే గుర్తొచ్చేది. ముద్ద దిగేది కాదు.

ఇలా ఉండగా ఒక మిలటరీ బండి వచ్చింది. సైన్యం వదిలించుకున్న పాత లారీని ఒక నర్సరీ ఆవిడ వేలంలో కొనుక్కుని, కొన్నాళ్ళు తన తోటలో పెట్టుకుని, ట్రాక్టరుకు గొలుసుతో కట్టించి లాక్కొచ్చింది. ఇంజను బాగానే ఉంది గానీ తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి. వచ్చిన పూట బండి మట్టిపట్టిన ఆకుపచ్చ రంగులో ఉంది. ప్రహరీ గోడకు లోపలివైపు ఆనించి నిలబెడితే తెల్లవారేసరికి గోడరంగులోకి దిగిపోయింది. సున్నం పెచ్చులూడిన చోట పెచ్చులూడినట్టు, చెమ్మ మరక ఉన్న చోట మరకతో సహా. ఉత్తరం ఇవ్వడానికి లోపలికొచ్చిన పోస్టుమాను చూసుకోక దాని బంపరుకు మోకాలు కొట్టుకున్నాడు.

"మిలటరీలో చేసొచ్చింది కదా, అలవాట్లు అంత తొందరగా పోతాయా," అని మోకాలు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు. ఎదురు కొట్టు దర్జీ కూడా, మా మామగారూ అంతే, రిటైరై ఇన్నేళ్ళయినా బూట్లు విప్పరు అన్నాడు.

నర్సరీ ఆవిడ నడివయసు మనిషి, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మట్టి ఉండేది. "దీపాలన్నీ వెలగాలి మేస్త్రిగారూ. ఏ ఒక్క దీపం వెలిగినా ఇది దాక్కోదు, ఒళ్ళంతా బయటపెట్టేస్తుంది. అందుకని ఆ మిలటరీ స్విచ్చు కూడా పనిచెయ్యాలి," అంది.

మిలటరీ స్విచ్చు అంటే స్టీరింగు పక్కనుండే మూడు పిడుల స్విచ్చు. చివరికంటా తిప్పితే బండిలో ఒక్క దీపం వెలగదు. బ్రేకు తొక్కినా వెనక ఎర్రలైటు రాదు. శత్రువు కంటపడకుండా సైన్యంవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు.

"అది మీకెందుకండీ?" అన్నాడు మేస్త్రి.

"మేకల కోసం."

"మేకలా?"

"మొక్కల లోడుతో ఎక్కడ ఆపినా మందలు మందలుగా వచ్చి పడతాయి. దించేలోపు సగం మేసేస్తాయి. ఇంజను తిరుగుతుంటే ఇది క్షణంలో రంగు మారుస్తుంది. కనపడకపోతే రావు కదా."

మేస్త్రి తలూపాడు. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే భార్యతో, "మేకలట, విన్నావా," అన్నాడు. "బ్రేకు లైటు వెలగని బండి కావాలంటే మేకలకోసం కాదు. దొంగసరుకు. కలపో, ఇంకోటో. రేపు పోలీసులొస్తే తీగలు కట్టింది నేను."

అయినా పని ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదని ఆవిడకు అనుమానం వస్తుందని ఆయన అనుమానం.

మిలటరీ బండిలో తీగలన్నీ ఒకే నలుపు. ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియడానికి ప్రతి కొసకూ అంకె కొట్టిన రేకు బిళ్ళ ఉంటుంది. ఇంకొకరైతే ఆ అంకెలు చూసుకుంటూ హాయిగా కొత్త తీగలు లాగేసేవాళ్ళు. మేస్త్రి ఆ బిళ్ళలను వేళ్ళతో తిప్పి తిప్పి చూశాడు. "శత్రువు చేతికి బండి చిక్కితే వాడు బాగుచేసుకోకూడదని తప్పు అంకెలు కొట్టుంటారు. సైన్యం వాళ్ళేమీ పిచ్చివాళ్ళు కాదు," అని బిళ్ళలన్నీ కత్తిరించి పారేశాడు. ఎర్రతీగ, పచ్చతీగ, నీలంతీగ అని రంగురంగులవి తెచ్చి తన లెక్క ప్రకారం తాను కట్టాడు. తెల్లారేసరికి బండి వాటన్నిటినీ గోడరంగులోకి మార్చేసింది. హారన్ నొక్కితే వైపరు ఆడింది. వైపరు వేస్తే ఎడమవైపు ఇండికేటరు వెలిగింది. పన్నెండు వోల్టుల బల్బు ఒకటి తొందరలో పెట్టి చూశాడు. ఆ బండికి రెండు బ్యాటరీలు కలిపి ఇరవై నాలుగు. బల్బు టప్పున మాడిపోయింది.

మేస్త్రి బండి కింద వెల్లకిలా పడుకుని తీగలు ఒక్కొక్కటే లాగి చూశాడు. తీగ అవతలి కొస పట్టుకుని నిలబడటం మొదట్నుంచీ భార్య పని. ఆమె వంగి, "మీ చేతిలో ఉన్నది బ్రేకు లైటుదండీ," అంది.

"నీకెలా తెలుసు?"

"మీరు కట్టేటప్పుడు చూశాను."

"ఎందుకు చూశావు?"

దానికి జవాబు చెప్పకుండా వంటింట్లోంచి పాత డబ్బా తెచ్చి, రేకు ముక్కలు కత్తిరించి, మేకుతో అంకెలు కొట్టి ఒక్కో కొసకూ కట్టుకుంటూ పోయింది. మేస్త్రి వెనకే వచ్చి ఒక్కోదాన్నీ టెస్టుల్యాంపుతో చూసుకున్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయంటే ఏదో ఉందని ఆ రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు అన్నాడు.

ఒక మధ్యాహ్నం సరైన బల్బులకోసం బజారుకు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు సాయంత్రం వస్తానని చెప్పి, ఎప్పటిలాగే ముందే వచ్చేశాడు. ఆమె అప్పుడు బండి క్యాబిన్లో, తలుపు తీసుకుని, సీటుకు జారబడి కూర్చుంది. బ్యాటరీ తీగలు ఊడదీసి ఉన్నాయి కాబట్టి ఏ దీపమూ వెలగలేదు. గేటు తాళం చప్పుడు వినపడింది. దిగబోతూ చేతివంక చూసుకుంటే చెయ్యి పసుపు సున్నం రంగులో ఉంది. వేళ్ళమీదుగా గోడ చెమ్మ మరక సాగిపోతోంది. ఆమె కదల్లేదు.

మేస్త్రి పిల్లిలా అడుగులేస్తూ వచ్చి, బండి పక్కనుంచే లోపలికి పోయాడు. వంటిల్లు, పడగ్గది, దొడ్డి, స్నానాలగది అన్నీ చూశాడు. ఆమె పెట్టె తెచ్చి అరుగుమీద బోర్లించి, బట్టలు దులిపి దులిపి చూశాడు. చెప్పులు అక్కడే ఉంటే వాటిని తిరగేసి అడుగున కొత్త మట్టి ఉందేమో వేలితో గీకాడు. ప్రహరీ గోడ వెంట నడుస్తూ ఎక్కడైనా కాలి గీతలున్నాయా అని తడిమాడు. అలా తడుముకుంటూ వచ్చి ఆమెకు జానెడు దూరంలో ఆగాడు. పేరుపెట్టి ఒక్కసారైనా పిలవలేదు.

ఆయన కంగారు పడుతున్నాడేమోనని ఆమె మొహంలోకి చూసింది. కంగారు పడి ఉంటే ఆ క్షణానే దిగి వచ్చేది. నిజానికి దిగాలనే అనుకుంది. కానీ ఆ మొహం వెలిగిపోతోంది. "నాకు తెలుసు," అనుకున్నాడు పైకే, మెల్లిగా. "నాకు ముందే తెలుసు." ఎన్నాళ్ళుగానో తేలని లెక్క తేలిపోయినంత తృప్తిగా నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూశాక, ఇన్నేళ్ళుగా ఆమె లోపల ఎలాగో బతికి ఉన్న జాలి కాస్తా చచ్చిపోయింది.

ఆయన దొడ్లోకి వెళ్ళగానే ఆమె దిగి వచ్చి కుళాయి దగ్గర నిలబడింది.

"ఎక్కడికెళ్ళావే?"

"ఎక్కడికెళతానండీ, గేటుకు తాళం ఉంది కదా."

ఆ రోజే పగిలిన సీసాలు తెప్పించి ప్రహరీ గోడ పొడుగునా గాజుపెంకులు పాతించాడు. తెల్లారేసరికి బండి పైఅంచున కూడా గాజుపెంకులు తళతళలాడాయి.

పని చూసుకోవడానికి నర్సరీ ఆవిడ వచ్చినప్పుడు, మేస్త్రి షెడ్డులో స్పానరు వెతుక్కుంటుంటే, భార్య టీ ఇస్తూ నెమ్మదిగా అడిగింది. "మీ నర్సరీ ఏ పక్కనండీ?" ఆవిడ చెప్పింది. అక్క ఉండే ఊళ్ళోనే, ఆమె వీధికి రెండు వీధుల అవతల. ఆమె షెడ్డు వైపు ఒకసారి చూసుకుంది.

"ఈ బండిలో కూర్చున్నవాళ్ళు కూడా కనపడరు కదండీ," అంది భార్య.

"మా తోటమాలి అందులోనే పడుకుని పని ఎగ్గొట్టేవాడు. కనపడితే కదా తిట్టడానికి," అంది ఆవిడ. భార్య మొహం చూసి నవ్వు ఆపుకుంది. "మీ ఆయనకు చెప్పి వస్తావా?"

"ఆయన చూస్తుండగానే ఎక్కుతానండీ."

ఆవిడ గోడమీది గాజుపెంకుల వంక, గేటు తాళం వంక చూసింది. "దీపం వెలిగితే మాత్రం అందరూ కనపడతారమ్మా. గేటు దగ్గర నేను బ్రేకు తొక్కక తప్పదు," అంది. ఇంక అంతా ఆ మిలటరీ స్విచ్చు మీదే ఉంది.

మేస్త్రి మాత్రం ఆ స్విచ్చు కలపకూడదని తీర్మానించుకున్నాడు. దీపాలన్నీ అయ్యాయి, హారన్ హారన్‌లాగే మోగింది. "ఆ ఒక్క తీగా వదిలేస్తాను. పాతకాలం సామాను, పాడైపోయిందని చెబుతాను. రేపు పోలీసులొచ్చినా నా మీదికి రాదు," అన్నాడు భార్యతో.

ఆమె కలపమని బతిమాలితే ఎందుకు బతిమాలుతున్నావంటాడు. అక్క మాట ఎత్తితే అసలుకే మోసం. కాసేపు బిళ్ళలు ఏరుతూ కూర్చుని, తనలో తాను అనుకున్నట్టుగా అంది.

"అదే మంచిదిలెండి. మీకు చేతకాలేదని ఆవిడ అనుకుంటుంది, అంతేగా."

మేస్త్రి చేతిలో స్పానరు ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"దర్జీ అన్నాడా?"

"నాకేం తెలుసండీ, నేను గేటు దాటితే కదా."

దర్జీ అప్పుడు తన మానాన తాను కాజాలు కుట్టుకుంటున్నాడు. మేస్త్రి గేటు సందులోంచి అతన్ని చాలాసేపు చూశాడు. ఆ తలకాయ అలా వంచుకుని ఉండటం మామూలుగా కనిపించలేదు. తిరిగొచ్చి స్విచ్చు మొత్తం విప్పి, లోపలి రాగి ముక్కలు గీకి, భార్య అందించిన తీగలు ఒక్కొక్కటే బిగించాడు. పొద్దుగూకేసరికి అయిపోయింది. నాలుగుసార్లు తిప్పి చూసుకున్నా ఆయనకు నమ్మకం కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే నర్సరీ ఆవిడ వచ్చింది. భార్య ఇద్దరికీ టీ ఇచ్చి, ఖాళీ గ్లాసులు పట్టుకుని లోపలికెళ్ళింది. మేస్త్రి ఇంజను పక్క మూత ఎత్తి, లోపల తల పెట్టి, కొత్త తీగల సంగతి ఆవిడకు వర్ణిస్తున్నప్పుడు అవతలి తలుపు మెల్లిగా తెరుచుకుని మూసుకుంది.

"ఎక్కండి. స్విచ్చు చివరికి తిప్పి బ్రేకు తొక్కండి," అన్నాడు మేస్త్రి. ఇంజను గుర్రుమంది. బండి మొత్తం గోడలో కలిసిపోయింది. ఆయన వెనక్కి వెళ్ళి ఎర్రలైటు ఉండే చోట కళ్ళు పెట్టి చూశాడు. వట్టి గోడ. "తొక్కారా?"

"తొక్కాను మేస్త్రిగారూ."

పక్కకొచ్చి చూశాడు. ముందుకొచ్చి, బానెట్టు ఉండాల్సిన చోట చేతులానించి, అద్దం వైపు వంగి చూశాడు. మీటర్ల దీపం సన్నగానైనా కారుతోందేమోనని కళ్ళు చికిలించాడు. చెమ్మ మరక, ఒక పాత మేకు, మేకు కింద తుప్పు చార తప్ప ఏమీ లేదు. ఎక్కడా ఒక్క వెలుగు చుక్క లేదు. ఆయన మొహం మెత్తబడింది. ఇంక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు.

అద్దానికి ఇవతల కూర్చున్న భార్య ఊపిరి బిగబట్టుకుని ఆ కళ్ళలోకే చూస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమెవైపు అనుమానం లేకుండా చూడటం అదే మొదటిసారి. ఇంత మంచి మొహం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడా అనిపించి, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తలుపు పిడిమీదికి పోయిన చేతిని ఆమె రెండో చేత్తో పట్టుకుంది.

"భేషుగ్గా ఉంది. రండి," అని మేస్త్రి మొలలోంచి తాళంచెవి తీసి గేటు బార్లా తెరిచాడు. వీధిలోకి వెనక్కి నడుస్తూ, "రానివ్వండి, రానివ్వండి, ఎడమకు కొయ్యండి," అని చేతులూపాడు. ప్రహరీ గోడలో ఒక ముక్క గాజుపెంకులతో సహా గేటు దాటి వచ్చింది. దర్జీ కొట్టు ముందు ఆగి, అతని తలుపుల రంగులోకి మారి, వీధి చివర చెట్లలో కలిసిపోయింది. దర్జీ తల ఎత్తకుండానే, బాగా చేశారు మేస్త్రిగారూ అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో మేస్త్రికి అర్థం కాలేదు.

లోపలికొచ్చి గేటు మూసి తాళం వేశాడు. సరిగ్గా పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశాడు. గట్టిగానే ఉంది. అరుగుమీద చతికిలబడి, ఇంకో టీ పెట్టమని భార్యను కేకేశాడు.