ఐదో కూర్పు మీద తీర్పు

"అమ్మాయ్, ఆ మాంత్రికుణ్ణి కాసేపు చావనిచ్చి, వచ్చి కూర చూడు. మాడిపోతోంది," అంది అత్తగారు.

చావనిద్దామంటే చావడు. అదే ఆమె బాధ. ఐదో కూర్పులో మాంత్రికుడికి ఆకలి లేదు, అలసట లేదు, మంత్రాలు అయిపోవడమన్నది లేనే లేదు. పాచికలు బల్ల మీద వదిలి వెళ్లి మంట తగ్గించి, గరిటె తిప్పి, దారిలో ఆరిన బట్టలు నాలుగు మడతపెట్టి, వచ్చి మళ్లీ కూర్చుంది. పుస్తకం నాలుగు వందల పన్నెండు పేజీలు. తలుపుకి అడ్డం పెడితే గాలే దండం పెట్టి వెనక్కి పోయేంత బరువు. మాంత్రికుల ఆట అది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, తలా ఒక పాత్రయిపోయి, పాచికలు వేస్తూ, మంత్రాలు వేస్తూ కథలో ముందుకు పోయే ఆట. ఆ ఆటకి కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా పాతదానికంటే మేలో కాదో తేల్చి చెప్పడం ఆమె భర్త పని. అంటే పత్రికలో పేరు ఆయనది, ఫొటో ఆయనది. చదవడం, ఆడించడం, రాయడం పదకొండేళ్లుగా ఆమెవి.

"కాస్త చదివి చెప్పవోయ్, కళ్లు లాగుతున్నాయి," అంటూ మొదలైంది. పదకొండేళ్లయినా ఆ కళ్లు లాగడం మానలేదు. టీవీలో ఆట వస్తే మాత్రం అవే కళ్లు మైదానం అవతలి గట్టున గడ్డిపోచ మీద వాలిన ఈగ ఆడదో మగదో చెప్పగలవు. తీర్పు అచ్చయిన రోజున అభిమానులు ఫోన్ చేసి, "గురువుగారూ, ఆ పాచికల లెక్కలో లొసుగు భలే పట్టుకున్నారు," అంటే, "అంతా అనుభవం నాయనా," అంటాడు, ఆమె తెచ్చిన కాఫీ అందుకుంటూ. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈసారి ఆమె కళ్లు అరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయాయి. "తెల్లవారేసరికి మాంత్రికుడి మంత్రాలన్నీ సిద్ధంగా ఉంటాయి." అంతే, ఒక్క వాక్యం. నాలుగో కూర్పులో ఇది ఆరు పేజీలు. మంత్రం కావాలంటే వేర్లు ఏరాలి, నూరాలి, నాలుగు గంటలు కూర్చుని రాసుకోవాలి, అంతసేపూ పక్కవాడు కాపలా కాయాలి. విసుగు పుట్టించే పనులన్నీ తీసేశాం అని అట్ట వెనక గొప్పగా వేసుకున్నారు. తీసేశారు సరే, మంత్రాలు మాత్రం ఉన్నాయిగా, మరి ఎవరు నూరినట్టు? ఆమెకి నవ్వొచ్చింది. ఈ ఇంట్లోనూ అంతే, తెల్లవారేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఇస్త్రీ చొక్కా కొక్కేనికి కాస్తుంది. గిన్నెలు సిగ్గుపడి వాటంతటవే తోముకుంటాయి. మామగారి మాత్రలు డబ్బాలోంచి దిగి, వరసలో నిలబడి హాజరు పలుకుతాయి. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావోయ్?" అని ఆయన అడిగిన ప్రతిసారీ చెప్పబోయేలోపే పొయ్యి మీద ఏదో పొంగేది. ఆ ప్రశ్నకి జవాబు ఎవరో ఆరు పేజీల్లో రాసి పెడితే, ఇంకెవరో వచ్చి ఒక్క వాక్యంతో తుడిచేశారు.

కోపంతో తీర్పు రాసే మనిషి కాదామె. మూడుసార్లు ఆడించి చూసింది. అత్తగారు, బట్టలు కుట్టే పక్కింటి పిన్నిగారు, బస్సు కండక్టరుగా చేసి మానేసిన ఆమె చెల్లెలు ఆడేవాళ్లు. పాత కూర్పులో ఈ ముగ్గురూ కాపలా వంతుల కోసం జుట్లు పట్టుకునేవాళ్లు, పగలబడి నవ్వేవాళ్లు. ఇప్పుడు రెండో గంటకల్లా అత్తగారు పాచికలు దించేసింది.

"అన్ని మంత్రాలూ నా దగ్గరే ఉండగా మీతో నాకేం పనే?"

"మాకు మాత్రం మీతో ఏం పని అత్తయ్యా?" అంది కండక్టరు చెల్లెలు. మూడుసార్లూ ఇదే తంతు. ఎవరికీ ఎవరితోనూ అవసరం లేని ఆట. "ఈ కూర్పు కొనకండి, పాతది దాచుకోండి," అని ఆమె రాసింది.

ఆయన చివరి పేరా మాత్రమే చదివాడు. ఎప్పుడూ అంతే.

"ఇదేంటోయ్? బ్రహ్మాండంగా ఉందని ఆట తయారుచేసినవాళ్లకి చెప్పేశాను నేను!"

"చదవకుండానే?"

"నువ్వు చదివావుగా. నువ్వూ నేనూ వేరా?"

ఏదైనా తీసుకోవాల్సి వచ్చినప్పుడే ఆ మాట వస్తుంది. తోమాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ వేరే.

"ఒక్క మాట మార్చు. అద్భుతం అని పెట్టు."

"పెట్టను."

"ఏకు మేకవడమంటే ఇదే!" అని ఆయనే కలం తీసి కొట్టేసి, అద్భుతం అని రాసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "శనివారం ఆట నడపడానికి నా జవాబుల చీటీలు?"

"రాయలేదు."

"పోనీ, పాతవున్నాయిగా. మాంత్రికులు మాంత్రికులే, మారిపోతారా ఏంటి!"

తీర్పు అచ్చుకి వెళ్లేముందు, ఆట తయారుచేసినవాళ్ల ఎదుట న్యాయనిర్ణేత ఒక గంట ఆ ఆట నడిపించాలి. అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. ఆ పత్రిక ఆనవాయితీ అది. శనివారం పొద్దున గ్రంథాలయం హాల్లో ఆయన పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పటిలాగే ఆమె వెనక స్టూలు మీద, మంచినీళ్ల సీసాతో. చూసేవాళ్లకి నీళ్లు ఇవ్వడానికి వచ్చిన భార్య. పదకొండేళ్లుగా ఆ సీసా అందించే నెపంతోనే జవాబులూ అందించింది.

"మా కూర్పులో మీకు బాగా నచ్చిందేంటండీ?" అని అడిగింది ఆట తయారుచేసిన అమ్మాయి.

ఆయన చీటీ తిరగేశాడు. "మంత్రం సిద్ధం చేసుకోవడానికి నాలుగు గంటలు పట్టడం! ఆహా, ఏం ఆలోచనండీ!"

ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. "అది... మేం తీసేశామండీ."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఆయన మెడ వెనక్కి తిప్పకుండా చెయ్యి మాత్రం చాపాడు. "నీళ్లు," అన్నాడు. నీళ్లంటే మాట అని ఆమెకి తెలుసు. ఆమె సీసా ఇచ్చింది. మాట ఇవ్వలేదు. ఆయన తాగాడు, మళ్లీ చాపాడు. చెవులు ఎర్రబడుతున్నాయి.

ఆడటానికి వచ్చినవాళ్ల వరసలోంచి అత్తగారు వంగి, "చెప్పవే తల్లీ, వాడి పరువు పోతోంది," అంది.

నిజమే, పోతోంది. ఒక్క మాట గొణిగితే చాలు, ఆయన నెగ్గుకొస్తాడు. అద్భుతం అన్న మాట అచ్చయిపోతుంది, అది నమ్మి ఆ అరవయ్యో పేజీని వేలమంది కొనుక్కుంటారు, ఇంటికెళ్లాక ఆయన "నువ్వూ నేనూ వేరా" అంటాడు. ఆయన పరువు అని వీళ్లంటున్నది ఎవరు నూరింది, ఎవరు రాసింది, ఎవరు కాపలా కాసింది? ఆమె లేచి నిలబడింది.

"ఈ కూర్పు చదివింది నేనండీ. మూడుసార్లు ఆడించింది కూడా నేనే."

"ఏమే, కూర్చో!" అన్నాడాయన.

ఎదురుగా కూర్చున్న పత్రిక సంపాదకుడు ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ముందున్న తీర్పు కాగితం మీద కలం ఆనించి, "అయితే చెప్పండమ్మా, ఎలా ఉంది ఆట?" అన్నాడు.

ఆమె ఆ కాగితం పైభాగాన అచ్చువేసి ఉన్న భర్త పేరు మీద వేలు పెట్టింది.

"ముందు దీన్ని కొట్టెయ్యండి. తీర్పు ఆ తర్వాత చెప్తాను."