గుడ్లగూబకు సాక్షి

...అయినా, చూడటానికి ఆ పిల్లకేం తెలుసని? మంచులో దిగబడకుండా కాళ్లకు చట్రాలు కట్టుకోవడం కూడా నిన్నమొన్న నేర్చుకుంది. గుడిసెలో పొయ్యి పక్కన తడి చేతితొడుగులు ఆరబెడుతూ ఎదెల్మిరా ఈ మాటనే పదోసారి నమిలింది. మింగుడుపడలేదు.

ఆ దక్షిణ దేశంలో చలి ముదిరేది జూలైలోనే; పదకొండు చలికాలాలుగా అప్పుడు జరిగే పిట్టల లెక్కకు లదిస్లావోకు ఆమే జత. ఈ ఏడు అతను మైతేన్‌ను తీసుకెళ్లాడు. "కొత్తపిల్ల, దారి తప్పుతుంది" అన్నాడు. ఎదెల్మిరా దారి తప్పదు కాబట్టి వెనక ఒంటరిగా నడిచింది. తనకూ లదిస్లావోకూ మధ్య ఉన్నది ప్రేమని ఎవరూ అనలేదు. ఒకే దుర్భిణిని చేతులు మార్చుకోవడం, మాట్లాడకుండా గంటలు నిలబడటం, అంతే. దానికి పేరు లేదు. అందుకే అది పోయిందని చెప్పుకోవడానికీ వీల్లేదు.

లదిస్లావో మాటే ఆకుల టీ కాస్తున్నాడు. సొరబుర్రలో పోసే మొదటి చేదు వంతు కాచినవాడిదే. రెండోది ఎప్పుడూ ఎదెల్మిరాకు అందేది. ఇవాళ మైతేన్‌కు అందింది.

"కొయివే చెట్టు తొర్రలో ఉంది, ఎర్రకాళ్ల గుడ్లగూబ. పట్టపగలు నిద్రపోతోంది" అంటోంది మైతేన్.

పిట్టల లెక్క రాసే కాగితం దగ్గర కూర్చున్న పెద్దాయన దోన్ ఎవారిస్తో కళ్లజోడు పైనుంచి చూశాడు. "తప్పిపోయిన కోడేమోనమ్మాయ్."

"కళ్లు మూసుకుని అంత పొగరుగా కూర్చోవడం కోడికి తెలుసా, దోన్ ఎవారిస్తో?"

"మా ఆవిడకు తెలుసు."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం లదిస్లావో వైపు తిరిగాడు. "నువ్వు చూశావా?"

"వంగి కాలి చట్రం పట్టీ బిగించుకుంటున్నా. తలెత్తేసరికి పొగమంచు కమ్మేసింది."

"అయితే ఆ వరుస కొట్టేయాల్సిందే. ఒక్కరు చూస్తే కల, ఇద్దరు చూస్తే పిట్ట. ఈ మాట మా నాన్నది, నాది కాదు."

ఎదెల్మిరా చూసింది. ఇరవై అడుగుల వెనక, పొగమంచు ఒక్కసారి పక్కకు తొలగినప్పుడు చూసింది. పదకొండేళ్లుగా తనూ లదిస్లావో వెతికిన పక్షి. చూశానంటే కాగితంలో మైతేన్ పేరు పైన, తన పేరు కింద. ఎప్పటికీ అంతే. నోరు మెదపకపోతే ఆ పిల్ల ముఖం ఇలాగే వాడిపోతుంది. వాడిపోతుంటే తనకు హాయిగా ఉంది. నొప్పి పెట్టే పంటిని నాలుకతో తడిమి చూసుకున్నట్టు, ఆ హాయిని మళ్లీ మళ్లీ తడిమి చూసుకుంది.

"పోనీలెండి, కొట్టేయండి. నాకు కనిపించింది, చాలు" అంది మైతేన్.

ఆ మాట ఎదెల్మిరాకు ఎక్కడో తగిలింది. కాగితం లేకపోయినా ఆ పిల్ల తన పక్షిని పట్టుకుపోతుంది. ఇంటికెళ్లి చెప్పుకుంటుంది. తను మాత్రం ఇప్పుడు ఊరుకుంటే, చూశానని ఇక జన్మలో ఎవరితోనూ అనడానికి ఉండదు, లదిస్లావోతో కూడా. తను దాచేది ఆ పిల్ల గుడ్లగూబను కాదు, తన గుడ్లగూబనే.

దోన్ ఎవారిస్తో పెన్సిల్ మొన నాలుకకు అద్దుకుని ఆ వరుస మీద పెట్టాడు.

ఎదెల్మిరా లేచి, ఆయన చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, మైతేన్ పేరు కింద తన పేరు రాసింది.