ముడికి వదిలిన జానెడు

ఉప్పుదిబ్బ విమానాశ్రయానికీ మంచులోయ విమానాశ్రయానికీ మధ్య దూరం నిన్నటికంటే ఇవాళ ఎనభై మైళ్లు ఎక్కువగా ఉంది. భ్రమరాంబ పలక మీద పాత అంకె చెరిపి కొత్తది వేస్తుంది. దాని కింద ప్రయాణకాలం రాస్తుంది: ఆరు గంటల నలభై నిమిషాలు.

ఇక్కడ దూరాన్ని రోజూ పొద్దున్నే నూలుపోగుతో కొలుస్తారు. ఒక కొస ఈ ఉప్పుదిబ్బ దీవిలో భ్రమరాంబ పట్టుకుంటుంది. రెండో కొస ఆ మంచులోయ కొండల్లో ఆమె మొగుడు నాగలింగం పట్టుకుంటాడు. నేత ఇళ్లలో పుట్టినవాళ్లు, పోగు పట్టడం బాగా తెలుసు కదా అని ఇద్దరికీ ఉద్యోగాలిచ్చారు. మొగుడూ పెళ్లాలన్న సంగతి మాత్రం ఆ ఇచ్చిన మహానుభావుడికి తట్టలేదు. పలక మీద ఎంత రాస్తే ఆకాశం అంత సాగుతుంది, పాపం దానికి ఏ పేచీ లేదు.

పెళ్లయిన పదకొండో రోజున విడిపోయారు. పదకొండు నెలలైంది. రేపు నాగలింగం సెలవు మీద రావాలి.

"రేపటికి ఏడు గంటలు నిండుతాయమ్మా. అంతదూరానికి నూనె చాలదు. ఇక ఈ దారిలో విమానమే ఎత్తేస్తారు," అంటాడు పైలట్ రంగయ్య, రెక్క మీద ఆరేసిన తువ్వాలు తీసుకుంటూ.

భ్రమరాంబ గబగబా పోగుని నోటి దగ్గర పెట్టుకుంటుంది.

"ఏవండీ, సరిగ్గా పట్టారా?"

పోగు సన్నగా వణికి జవాబు చెబుతుంది. "పట్టానే. ముడికి జానెడు వదిలి మరీ పట్టాను."

"అయ్యో నా రాత! నేనూ వదులుతున్నానండీ, రోజూ!"

"నువ్వెందుకే?"

"అవతల మీకు ముడేసుకోడానికి అందకపోతే ఎట్లా అని."

తెగిన పోగు అతికేటప్పుడు అవతలివాళ్ల వేళ్లకి అందేలా జానెడు ఎక్కువ వదలడం ఇద్దరి ఇళ్లలోనూ మర్యాద. ఆ మర్యాదే వాళ్లని ఇంత దూరం చేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక భ్రమరాంబ రెండూ చేస్తుంది.

"ఇక లాగండి. ఏమీ వదలకండి."

"నీ చెయ్యి కోసుకుపోద్దే."

"పోతే పోనీండి!"

ఇద్దరూ లాగుతారు. సముద్రం మడతలు పడి ఒడ్డున చేరుతుంది. మడతల్లోని చేపలు కాస్త సర్దుకుని కూర్చుంటాయి. కొండలు ఒక్కొక్కటే వచ్చి విమానాల షెడ్డు పక్కన వరసలో నిలబడతాయి. చివరికి భ్రమరాంబ పలక పెట్టుకునే బల్లకి అవతల నాగలింగం కనిపిస్తాడు, మూరెడు దూరంలో. బాగా చిక్కిపోయాడు.

"దూరం పోయింది, సంతోషం," అంటాడు రంగయ్య పలక చూసి. "కాలం మాత్రం అట్లాగే ఉంది. ఒకసారి రాశాక ఇవాళ్టికి మార్చే వీల్లేదు."

నాగలింగం ఆమె చెంప తాకాలని చెయ్యి చాస్తాడు. అది చేరడానికి ఆరు గంటల నలభై నిమిషాలు పడుతుంది.

"తొందరేం లేదండీ. నేనెక్కడికీ పోను," అంటుంది భ్రమరాంబ. ముంగురులు వెనక్కి దువ్వుకుని, చెంప అతనికి ఎదురుగా పెట్టి కదలకుండా కూర్చుంటుంది. ఆమెకి ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నానికి ఆ చెయ్యి సగం దారిలో ఉంటుంది. దాని కింద చిన్న చిన్న మబ్బులు సాగిపోతుంటాయి. పొద్దు వాలుతుండగా వేళ్లు నెమ్మదిగా కిందికి దిగడం మొదలవుతుంది, భ్రమరాంబ చెంప మీద, విమానం దిగే బాటకున్నట్టే, రెండు వరసల దీపాలు వెలుగుతాయి.