మార్కు సాక్ష్యం

ప్రింటరు పని పట్టేముందు మార్కు దాన్ని ఒకసారి తిడతాడు. సుత్తి ఎత్తేది ఆ తరవాతే.

"థూ, నీ బతుకు చెడ. రెండేండ్లు గూడ పంజెయ్యలే," అని దాని నడుం విరగ్గొట్టాడు. ఇనప కడ్డీ ఒక కుప్పలో, ప్లాస్టిక్కు ఇంకో కుప్పలో, రాగి తీగ పక్కనున్న తట్టలో వేసి మరోదాన్ని ముందుకు లాక్కున్నాడు. పొట్టి మనిషి. మెడ ఉందో లేదో తెలియనట్టు తల భుజాల్లోకి దిగిపోయి ఉంటుంది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు నల్లబడి అలాగే గట్టిపడింది. కళ్ళజోడు విరిగినచోట రాగి తీగ చుట్టుకున్నాడు. ఆ షెడ్డు మొత్తంలో అతను తిట్టని వస్తువు అదొక్కటే.

కొత్తూరులో హైవే పక్కనున్న ఆ రేకుల షెడ్డుకు పట్నంలోని ఆఫీసులు వద్దనుకున్న సామానంతా వచ్చి చేరుతుంది. దసరాకు దండ వేసి బొట్టు పెట్టిన కంప్యూటరే, ఆ బొట్టు మరకతోనే, మార్కు కాళ్ళ దగ్గర పడుతుంది. అది చూసీ చూసీ అతనికి లోకమంటే లెక్కలేకుండా పోయింది. ప్లాట్లు అమ్మేవాళ్ళంటే ఏవగింపు, కొనేవాళ్ళంటే ఇంకా ఏవగింపు. శంషాబాద్‌లో తన ఇంటి రేకులు అదిరేలా నెత్తిమీదుగా పోయే విమానాల వంక తలెత్తయినా చూడడు. "ఏడికి పోతే ఏంది, మల్ల ఈడికే రావాలె," అంటాడు. తనెన్నడూ ఎక్కలేదు లెండి. అందని ద్రాక్ష పుల్లన.

అలాంటివాడు ఆ పొద్దుటి నుంచీ మాటిమాటికీ ఛాతీ రుద్దుకుంటున్నాడు. చొక్కా జేబులో ఒక క్యాసెట్టు ఉంది. దాని మూల గుచ్చుకుంటోందని దాన్నీ ఓ తిట్టు తిట్టాడు.

ఆ క్యాసెట్టు ఇచ్చింది అతని భార్య డోర్కాసు. ఆమె ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో దుప్పట్లు ఉతికి మడతపెడుతుంది. నెలకోసారి వాళ్ళ చర్చి సంఘంలో ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. పాటలయ్యాక ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి. ఒకప్పుడు తానెంత చెడ్డగా బతికాడో, దేవుడు తనను ఎలా మార్చాడో నలుగురి ముందూ ఒప్పుకోవాలి. సంఘంలో మగవాళ్ళందరూ చెప్పారు, మార్కు తప్ప. సాక్ష్యం వేళకు అతను బయటికిపోయి గోడకు ఆనుకుని నిలబడతాడు. అక్కణ్ణుంచి వినీ వినీ, సంఘంలోని కొండల్ ఏటా లేచి చెప్పే తన తాగుబోతు రోజుల కథ అతనికి కంఠతా వచ్చేసింది.

"యేటేట కొండల్ తాగిన సీసాలు పెరుగుతున్నయ్," అని ఆ పొద్దున కూడా వెక్కిరించాడు. "తాగుడు మానినంకనే ఎక్కువ తాగుతుండు."

డోర్కాసు నవ్వలేదు. "ఇయ్యాల మనింట్లనే కూటం. నువ్వొక్కనివే మిగిలినవ్. నీ ఇంటాయినెకు దేవుడు ఏం జెయ్యలేదా అని అందరు నన్నే అడుగుతున్నరు."

"నేను తాగిన్నా? నిన్ను కొట్టిన్నా? మారిన అని చెప్పాలంటే ముందుగాల చెడిపోవాలె గద. నేను చెడిపోనూ లేదు, బాగుపడనూ లేదు. ఏం చెప్పాలె?"

"నలుగుర్ల సిగ్గయితే టేపుల చెప్పు. నేను వినిపిస్త." అప్పటికే ఆమె ఖాళీ క్యాసెట్టు ఒకటి తీసి, దాని మీద తన గుండ్రటి అక్షరాలతో 'మార్కు సాక్ష్యం' అని రాసి ఉంచింది. "ఒక్కపారి, ఒక్కటంటే ఒక్కపారి, నీ నోట తిట్టు గాని మాట వినాలె నేను."

అతను నవ్వాడు, ఎప్పటిలాగే వెటకారంగా. కాని క్యాసెట్టు జేబులో వేసుకున్నాడు.

అసలు సంగతి చెప్పాలంటే, మార్కు అందరికన్నా ఎక్కువ చులకన చేసింది తన బతుకునే. మంఖాల్‌లో పుట్టాడు. కూలి చేశాడు. పెళ్ళయింది, పిల్లలు కలగలేదు. షెడ్డు పెట్టాక షెడ్డులో చేరాడు. లేచి నిలబడి చెబితే వినేవాళ్ళకు ఒక ఆవలింతకైనా చాలదు. కొండల్‌కు కనీసం సీసాలున్నాయి. ఆ మాట తలుచుకుంటే మార్కుకు కోపం కాదు, సిగ్గేసేది.

మధ్యాహ్నం మేస్త్రీ మల్లేశ్వర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "మార్కన్నా, గుహ దాటినవా?"

"వాడు దాటేటోడా? ఎద్దు. మెడ గూడ లేదు వానికి."

మల్లేశ్వర్ అడిగింది ఆట గురించి. వానాకాలం మొదట్లో ఒక లోడులో మీటలు తప్ప ఇంకేమీ లేని నల్లటి పలకలాంటి యంత్రం ఒకటి వచ్చింది, దాంతోపాటు ఒక డబ్బాడు క్యాసెట్లు. విప్పి చూస్తే చిటికెడు రాగి లేదు. మల్లేశ్వర్ ఫోనులో వెతికి, అది నలభై ఏళ్ళనాడు ఇళ్ళల్లో వాడిన కంప్యూటరని, టీవీకి తగిలించి టేపురికార్డరుతో ఆటలు ఎక్కించుకోవాలని చెప్పాడు. "పట్టుకపో అన్నా, ఈడుంటే దండగ," అన్నాడు.

మార్కుకు ఏ ఆటా తెలియదు. ఫోనులో ఆటలాడే క్యాబు డ్రైవర్లను చూస్తేనే ఉమ్మేసేవాడు. ఇంటికి తెచ్చిన రోజు పాటలేమో అనుకుని ఒక క్యాసెట్టు డోర్కాసు టేపురికార్డరులో పెట్టి మీట నొక్కాడు. కీచుమని ఒకటే అరుపు. వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చిన డోర్కాసు "యేసయ్యా, ఏం తెచ్చినవయ్యా ఇంట్లకు!" అని టేపురికార్డరు మీద బైబిలు పెట్టింది. ఆ తరవాత మల్లేశ్వర్ చెప్పినట్టు వైర్లు తగిలించాడు. అన్నం ఉడికినంతసేపు ఆ కీచు అరుపు అరిచాక టీవీలో ఆట వచ్చింది. అందులో రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క. "దీనికా గింత ఏడ్చింది?" అన్నాడు. రెండోది విమానాల ఆట. విమానమని తెలియగానే పీకేశాడు.

మూడోదాంట్లో మాత్రం ఇరుక్కుపోయాడు. దీపం పట్టుకున్న గని కూలివాడొకడు, చీమంత మనిషి. గుహలో నిచ్చెనలెక్కి, గుంటలు దూకి, పైనున్న తలుపు చేరాలి. ఎంతకూ చేరడు. మూడో నిచ్చెన దగ్గర గుంటలో పడతాడు, మళ్ళీ కింద మొదటిచోటే లేస్తాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మార్కు మీటల్ని తిట్టాడు, వైరును తిట్టాడు, చివరికి వాణ్ణి తిట్టాడు. అయినా మర్నాడు వాడి దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. అలా వానాకాలమంతా గడిచింది.

"రెండో గుహకు పోయినంక ఎస్ అక్షరం నొక్కు," అని మల్లేశ్వర్ ఆ మధ్యాహ్నం చెప్పాడు. "ఏడిదాక వచ్చినవో ఖాళీ టేపుల దాసిపెడతది. మల్ల మొదటికెల్లి ఆడే పని లేదు. ఛాతీ ఏంది, అట్ల రుద్దుతున్నవ్? జర దవాఖానకు పోరాదా?"

"క్యాసెట్టు గుచ్చుకుంటున్నది. దవాఖాన గిట్ట అనకు నాతోని."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చాపలు పరిచి ఉన్నాయి. డోర్కాసు ఆడవాళ్ళను పిలుచుకురావడానికి వెళ్తూ, "చెప్పినవా?" అని గుమ్మంలోంచి అడిగింది. "చెప్తగని పో," అన్నాడు. తలుపు మూసి, జేబులోంచి క్యాసెట్టు తీసి టేపురికార్డరులో పెట్టాడు. జేబు ఖాళీ అయినా ఆ మూల గుచ్చుకుంటూనే ఉంది.

మీటలు నొక్కి గొంతు సవరించుకున్నాడు. "నా పేరు మార్కు. మాది మంఖాల్." ఒక విమానం రేకులు అదరగొట్టుకుంటూ పోయింది. అది పోయాక కూడా అతనికేమీ దొరకలేదు. "ఇగ... ఏమున్నది," అని మీట నొక్కి ఆపేశాడు.

ఉక్రోషం వచ్చింది. ఆ క్యాసెట్టు తీసి పక్కన పడేసి, ఆట క్యాసెట్టు పెట్టాడు. కీచు అరుపు అయిపోయి గని కూలివాడు దీపంతో నిలబడ్డాడు. "రారా, ఎద్దూ," అన్నాడు. మొదటి నిచ్చెన. రెండోది. మూడో నిచ్చెన దగ్గర ఎప్పుడూ తొందరపడి దూకే వేలిని ఈసారి పట్టి ఆపాడు. గుంట మీద పలక ఒకటి జరిగి దగ్గరికొచ్చింది. అప్పుడు నొక్కాడు. వాడు దాటాడు. తలుపు తెరుచుకుని టీవీ అంతా నీలంగా మారింది. మార్కు ఎన్నడూ చూడని గుహలో ఆ చీమంత మనిషి దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మార్కు నవ్వాడు. ఎవర్నీ వెక్కిరించకుండా అతను నవ్వి చాలా ఏళ్ళయింది. చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు.

ఎస్ నొక్కాడు. ఇంట్లో ఖాళీ టేపు అదొక్కటే. దాని మీది పేరు చూసి, "నీ సంగతి వచ్చే నెల జూద్దాం," అని పెట్టి, వైరు మార్చి, మీటలు నొక్కాడు. చక్రాలు తిరగసాగాయి. నుదుటి చెమట తుడుచుకుని తల వెనక్కి గోడకు ఆనించాడు.

పాడుకుంటూ వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలో ఆగారు. టేపు చివరిదాకా తిరిగి, మీట దానంతటదే పైకి లేచి ఉంది. నీలం వెలుగు మార్కు ముఖం మీద పడుతోంది. కునుకు పట్టిందనుకుని డోర్కాసు భుజం తట్టింది.

మూడో రోజు ఆ చాపల మీదే, పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూటం జరిగింది. పాస్టరు కరుణ్ వాక్యం చెప్పి, "మార్కన్న సాక్ష్యం ఇయ్యకుండనే వెళ్ళిపోయిండు," అని నిట్టూర్చాడు.

"ఇచ్చిండు అయ్యగారూ," అంది డోర్కాసు. లేచి టేపు మొదటికి తిప్పి మీట నొక్కింది.

"నా పేరు మార్కు. మాది మంఖాల్." అందరూ ముందుకు వంగారు. విమానం చప్పుడు. "ఇగ... ఏమున్నది." ఆ వెంటనే ఇల్లు అదిరేలా కీచు అరుపు. ఒకామె చెవులు మూసుకుంది. పాస్టరు గబగబా ఆపబోయాడు. డోర్కాసు ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగుండ్రి. ఆయన ఇంక చెప్తుండు."

ఆ అరుపు పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. ఆగగానే కొండల్ అలవాటుకొద్దీ "ఆమెన్" అన్నాడు. డోర్కాసు వెనక వరసలో ఉన్న మల్లేశ్వర్ వైపు తిరిగింది.

"ఏం చెప్పిండు తమ్మీ?"

మల్లేశ్వర్ తల దించుకున్నాడు. "మొదటి గుహ దాటిండట, అక్కా. రెండోదాంట్ల నిలవడ్డడు."

ఆమె క్యాసెట్టు తీసి తన పాటల క్యాసెట్ల వరసలో పెట్టింది. దాని మూల మీద షెడ్డు దుమ్ముతో పడిన నల్లటి బొటనవేలి ముద్ర ఉంది.