జడ్జికి ఏమివ్వచ్చు?

చక్రపాణి అల్మరాలో నలభై ఒక్క శాలువాలున్నాయి. వాటిలో ఆయన డబ్బు పెట్టి కొన్నది ఒక్కటీ లేదు. అట్లాంటా చుట్టుపక్కల తెలుగు సంఘాలు ఎవరికి ఏ వంకన సన్మానం చేసినా ఆయన వేదిక మీద ఉండాల్సిందే. ఒకసారి కప్పించుకోవడానికి, ఒకసారి కప్పడానికి. అంచు మీద టీ మరక ఉన్న మెరూన్ రంగు శాలువా ఒకటైతే ఆరుగురు పెద్దమనుషుల భుజాలెక్కి దిగి, మళ్లీ ఆయన ఇంటికే చేరింది. ఆయన భార్య ఉమామహేశ్వరి ఆ అల్మరా తెరిచినప్పుడల్లా కలరా ఉండల వాసనకి తుమ్మి, "వీటితో పెళ్లిపందిరి వేయొచ్చండీ" అనేది.

ఆవిడ మానసిక వైద్యురాలు. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరై, ఏడాది తిరక్కుండానే ఇంట్లో తోచక, తాముండే కమ్మింగ్‌కి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఓ చిన్న కౌంటీ జైల్లో ఉద్యోగానికి చేరింది. "ఉమా ఆంటీ జైలుకెళ్లిందట" అని తెలిసినవాళ్ల పిల్లలు నవ్వుకున్నారు. రోజూ కారులో దింపేది చక్రపాణే. ముప్పై ఏళ్లు హైవేలు వేసిన ఇంజనీరు గారి భార్యకి హైవే ఎక్కాలంటే భయం మరి.

ఆ జైల్లో పన్నెండు మంచాల వార్డు ఒకటి కొత్తగా పెట్టారు. మతి స్థిమితం లేని మనిషిని కోర్టులో నిలబెట్టి విచారించకూడదని చట్టం. మనసు కుదుటపడి, జడ్జి ఎవరో, లాయరు ఎందుకో, తన మీద ఉన్న కేసేమిటో తెలిసేదాకా కేసు కదలదు. ఆ వైద్యానికి రాష్ట్ర ఆసుపత్రిలో మంచం ఖాళీ కావాలంటే ఎనిమిది నెలలు పడుతుంది. నేరం రుజువైతే పడే శిక్ష రెండు నెలలైనా సరే, ఎనిమిది నెలలూ జైలు గదిలో గోడతో మాట్లాడుకుంటూ కూర్చోవాలి. అందుకని జైల్లోనే వైద్యం చేద్దామని ఈ వార్డు. పొద్దున మందులు, మధ్యాహ్నం పాఠాలు. పాఠాలు చెప్పేది ఉమామహేశ్వరి.

ఆవిడ విద్యార్థుల్లో లొరెట్టా ఒకర్తె. యాభై ఒక్కేళ్లు. పంతొమ్మిదేళ్లు స్కూలు బస్సు నడిపింది. ఉద్యోగం పోయాక, మందులు మానేశాక, ఒకరోజు తెల్లారుతూనే డిపోలోకి వెళ్లి తన పాత బస్సెక్కి, పాత దారిలోనే, ప్రతి స్టాపులోనూ ఆగి, తలుపు తెరిచి, మూసి, ఖాళీ బస్సుని స్కూలు దాకా తీసుకెళ్లింది. ఒక్క సిగ్నల్ కూడా తప్పలేదు. కేసు మాత్రం దొంగతనం. వార్డుకి వచ్చినప్పుడు ఆమెకి ఏ వారమో తెలియదు. ఐదు వారాలకి పాఠంలో చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఉమామహేశ్వరి అడిగింది: "కేసు మనకి అనుకూలంగా రావాలంటే జడ్జికి మనం ఏమివ్వచ్చు?"

"పీకాన్ పై!" అంది లొరెట్టా టక్కున, గింజలూ పాకమూ పోసి కాల్చే ఆ మిఠాయిని తలుచుకుని. "మా అమ్మ చేసే పద్ధతిలో. అది తిన్నవాడెవడూ నన్ను లోపలెయ్యడు."

వార్డంతా నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వి, తర్వాత ఓపిగ్గా చెప్పింది. జడ్జికి ఏమీ ఇవ్వకూడదు, ఆయన దగ్గర మనకి కావాల్సింది ఉన్నప్పుడు అసలే ఇవ్వకూడదు, నిజం ఒక్కటే చెప్పాలి అని. ఈ సంగతి లొరెట్టా బుర్రకెక్కడానికి రెండు వారాలు పట్టింది. ఆ పీకాన్ పై మీద ఆమెకి అంత నమ్మకం.

ఇది 2012 జూన్ నాటి మాట. అప్పుడే వార్డుకి రాష్ట్రం ఇస్తున్న గ్రాంటు ఆగిపోయింది. ఇక కౌంటీయే భరించాలి. కౌంటీని నడిపే కమిషనర్లు ఐదుగురు. ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు ససేమిరా అన్నారు. ఐదోవాడు చైర్మన్ హచిన్స్, ఎటూ తేల్చడు. మంగళవారం సాయంత్రం ఓటు. కాదంటే నెలాఖరుకి వార్డు మూత. కోర్టులో నిలబడగలదో లేదో తేల్చే లొరెట్టా ఆఖరి పరీక్షకి ఇంకా మూడు వారాలుంది. ఆమె మళ్లీ గదిలోకి, ఎనిమిది నెలల లిస్టులోకి వెళుతుంది. కట్టుకున్నదంతా కూలి మళ్లీ మొదటికొస్తుందని ఉమామహేశ్వరికి తెలుసు. అలా కూలిన వాళ్లని ఆవిడ చూసింది.

ఆదివారం పొద్దున ఉప్మా ప్లేటు ముందు పెట్టుకుని ముద్ద ముట్టకుండా కూర్చుంది.

"హచిన్స్ ఒక్కడేనా డౌటు?" అన్నాడు చక్రపాణి.

"ఆయనొక్కడే."

"నువ్వు తిను. నేనున్నాను కదా."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఉమామహేశ్వరిని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన మాట అదే. కానీ ఆ రోజు దిగుల్లో ఉండి పట్టించుకోలేదు.

మంగళవారం ఆవిడ నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకుని కమిషన్ హాల్లో కూర్చుంది. ఆరు కాగానే తలుపు తెరుచుకుని చక్రపాణి వచ్చాడు, పట్టు లాల్చీలో. వెనకాల ఆయన స్నేహితుడు రాజారావు కెమెరాతో, ఇంకో ఎనిమిదిమంది సంఘం సభ్యులు. ఆయన చంకలోని ప్లాస్టిక్ సంచిలోంచి మెరూన్ రంగు తొంగి చూసింది. ఉమామహేశ్వరికి 'నేనున్నాను కదా' అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. లేచి వెళ్లి ఆపేలోపే మాట్లాడమని ఆయన్ని పిలిచారు.

మాట్లాడేందుకు మనిషికి మూడు నిమిషాలు. చక్రపాణి అందులో రెండున్నర హచిన్స్ గుణగణాలకే వాడాడు. వాటిలో సగం ఆ పూటే ఇంటర్నెట్‌లో చదివినవి. తర్వాత "మా తరఫున చిన్న గౌరవం" అంటూ మెట్లెక్కి, శాలువా విప్పి, చైర్మన్ భుజాల మీద కప్పేశాడు. రాజారావు ఫొటో తీశాడు. ఎనిమిదిమందీ చప్పట్లు కొట్టారు. మిగతా హాలు నోరు తెరుచుకుని చూసింది.

కౌంటీ లాయరు, సన్నటి పెద్దావిడ, మైకు దగ్గరికి వంగింది. "సర్, ఈ ఓటు మీద ఆధారపడిన ఉద్యోగంలో మీవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరు! నా భార్య!" అన్నాడు చక్రపాణి గర్వంగా, చెయ్యి చాపి చూపించి. "ఆ వార్డు డాక్టరు ఆవిడే."

"మరి ఓటుకి ముందు ఈ కానుక ఎందుకు?"

"మా పద్ధతే అంత మేడమ్. పని చేశాక ఎవడైనా గౌరవిస్తాడు. మేం ముందే గౌరవిస్తాం. అప్పుడింక ఆ మనిషి కాదనలేడు."

లాయరు ఆ మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. చైర్మన్ గారు ఈ ఓటు నుంచి తప్పుకోవాల్సి రావచ్చు అంది. ఆయన తప్పుకుంటే ఇద్దరికిద్దరు. సమానమైతే తీర్మానం వీగిపోతుంది. చక్రపాణి ముఖంలో రంగు పోయింది. లాల్చీ చేతులు నలుపుకుంటూ భార్య వైపు చూశాడు. ఆయన అంత చిన్నబోయి నిలబడడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. పీక పిసకాలన్నంత కోపమూ, పరిగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకోవాలన్నంత జాలీ ఒకేసారి కలిగాయి.

తర్వాత పేరు ఆవిడదే. నాలుగు పేజీలూ కుర్చీలో వదిలేసి మైకు ముందుకెళ్లింది.

"ఈయన మా ఆయన," అంది. "ఇంజనీరింగ్‌లో రెండు డిగ్రీలు. ఈ దేశంలో ముప్పై ఆరేళ్లుగా ఉన్నారు. మా వార్డులో నేనొక ప్రశ్న అడుగుతాను, మన సంగతి తేల్చాల్సిన మనిషికి మనం ఏమివ్వచ్చు అని. ఆ ప్రశ్నలో ఈయన ఇప్పుడే మీ అందరి ముందూ ఫెయిలయ్యారు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ఆగలేదు.

"నా దగ్గర ఒక పేషెంటు ఉంది. పేరు చెప్పకూడదు. రెండు నెలల కిందట ఆమెకి ఏ నెలో తెలియదు. మొదట్లో జడ్జికి పీకాన్ పై చేసిస్తానంది. నిన్న మళ్లీ అడిగాను. 'ఏమీ ఇవ్వకూడదు డాక్టర్, నిజం ఒక్కటే చెప్పాలి' అంది. మతి చెదిరి వచ్చిన మనిషి అది నేర్చుకుంది. మీరు డబ్బిచ్చేది దానికే. ఇంకో మూడు వారాలిస్తే ఆమె తన కాళ్ల మీద కోర్టుకి నడిచి వెళుతుంది. మా ఆయన సంగతి నేను ఇంటి దగ్గర చూసుకుంటాను, దానికి కౌంటీ డబ్బు అక్కర్లేదు."

ఈసారి హాలంతా నవ్వింది, ససేమిరా అన్న ఇద్దరిలో ఒకాయనతో సహా. హచిన్స్ శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో చక్రపాణికి అందించాడు. "నేను దీన్ని తీసుకోలేదు, తిరిగిచ్చేశాను. రాసుకోండి" అన్నాడు. లాయరు కళ్లజోడు సర్దుకుని ఆలోచించి, సరే, ఓటెయ్యచ్చంది. రోడ్ల నిండా గుంతలుండగా జైల్లో పాఠాలేమిటని ఒక కమిషనరు గొణిగాడు. రోడ్ల మాట వినగానే చక్రపాణి లేవబోయాడు. ఉమామహేశ్వరి లాల్చీ అంచు పట్టుకుని కూర్చోబెట్టింది.

ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఒక ఏడాదికి వార్డు బతికింది.

పార్కింగ్‌లో కారెక్కాక చక్రపాణి స్టార్ట్ చేయకుండా భార్య వైపు తిరిగాడు. "కొంప ముంచేవాణ్ణి కదూ?" అన్నాడు.

"ముంచేవారే."

"నువ్వు తిండి తినట్లేదు ఉమా. చూడలేకపోయాను."

ఆవిడ కోపమంతా ఎటు పోయిందో పోయింది. తన కోసం ఇంతమందిలో నవ్వులపాలు కావడానికి ఈ మనిషి తప్ప ఎవరు సిద్ధపడతారు? గేరు మీదున్న ఆయన చేతి మీద చెయ్యి వేసి, "ఇంటికి పోనివ్వండి, ఆకలేస్తోంది" అంది.

మూడు వారాలకి లొరెట్టా పరీక్ష పాసైంది. ఆగస్టులో కోర్టుకి వెళ్లింది. లాయరుతో గుసగుసగా మాట్లాడింది, జడ్జి అడిగినవాటికి నిజం చెప్పింది. జైల్లో ఉన్న రోజులే శిక్షగా లెక్కేసి, మందులు మానకూడదన్న షరతుతో జడ్జి ఆమెని ఇంటికి పంపేశాడు.

కోర్టు మెట్ల కింద, ఎండలో, చక్రపాణి కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. భార్య పక్కన నవ్వుతూ దిగొస్తున్న మనిషిని చూడగానే, ఆమె ఎవరో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వెనక సీట్లోంచి మెరూన్ శాలువా తీసి ఎదురెళ్లాడు. లొరెట్టా ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు వెనక దాచుకుంది.

"డాక్టర్, ఇది తీసుకోవచ్చా?"

జవాబు ఉమామహేశ్వరి నాలిక చివరిదాకా వచ్చింది. అయినా చెప్పలేదు. "నువ్వే చెప్పు," అంది.

లొరెట్టా పాఠంలో ఆలోచించినట్టే కళ్లు మూసుకుని ఆలోచించింది. "నేను జడ్జిని కాను," అంది మెల్లగా. "ఈయనకి కావాల్సింది నా దగ్గర ఏమీ లేదు. కాబట్టి తీసుకోవచ్చు."

అంతవరకు ఆ శాలువా ఎక్కిన భుజాలన్నీ ఎవరికో ఏదో పనికొచ్చే భుజాలే. చక్రపాణి ఈసారి ఉపన్యాసం జోలికి పోలేదు. టీ మరక లోపలికి పోయేలా మడిచి, జాగ్రత్తగా ఆమె భుజాల మీద కప్పాడు. చప్పట్లు కొట్టడానికి అక్కడున్నది ఉమామహేశ్వరి ఒక్కతే. ఆవిడే కొట్టింది.